ఇందుకళ కడుపులో చప్పుడు

నమోదు 1. ఫిబ్రవరి 9
ఇందుకళ బరువు: 22 కిలోలు. నా బరువు: 71 కిలోలు.

ఈ చిట్టా చేత్తో రాయాలని కంపెనీ నిబంధన. సినిమా చివర్లో ‘ఇందులోని చప్పుళ్ళు మనిషి చేసినవి’ అని వేసుకోవాలంటే వాళ్ళకి రుజువు కావాలి. బొమ్మలు యంత్రం గీస్తుంది, మాటలు యంత్రం పలుకుతుంది, పాటలు కూడా అదే కడుతుంది. అడుగుల చప్పుడు మాత్రం యంత్రం చేస్తే పిల్లలు సినిమా ఆడే గోడ మీంచి చూపు తిప్పేస్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు. అందువల్ల భీమిలి కొండ కింద తవ్విన ఈ గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను అడుగులు వేసి బతుకుతున్నాను. నా పేరు వరహాలమ్మ. ఆ పేరు గోడ మీద ఎప్పుడూ పడలేదు. ‘మనిషి’ అని పడుతుంది.

చిట్టా ఎవరూ చదవరు. పదేళ్ళ కిందట పరీక్షించడానికని మధ్యలో బెండకాయ పులుసు ఎలా చేయాలో రాసి పంపాను. ‘అందినది, సంతృప్తికరం’ అని జవాబొచ్చింది. అప్పటి నుంచి నాకు తోచింది రాస్తున్నాను.

ఇవాళ ఇందుకళ అయిదో సినిమా మొదలుపెట్టాం. మొదటి సినిమాలో ఆమె బరువు ముప్పై ఎనిమిది. సినిమాకి నాలుగు కిలోల చొప్పున తగ్గి ఇప్పుడు ఇరవై రెండుకి దిగింది. వయసు మాత్రం పదమూడు దగ్గరే ఆగింది. కళ్ళు ఏటేటా పెద్దవవుతున్నాయి, నడుము మెడంత అయింది. అందులో పేగులు ఎక్కడ సర్దారో గీసిన యంత్రాన్నే అడగాలి.

డెబ్బై ఒక్క కిలోల మనిషి ఇరవై రెండు కిలోల అడుగు వేయడానికి ఒకటే దారి. నా చంకల కింద పట్టీలు కట్టి, పైకప్పు గిలక మీంచి తాడుతో లేపుతారు. నలభై తొమ్మిది కిలోలు తాడు మోస్తుంది, మిగిలింది నా కాళ్ళు మోస్తాయి. తాడు లాగేదీ, చప్పుడు రికార్డు చేసేదీ పైడిరాజు. మా మధ్య చుట్టరికం లేదు గానీ పిన్నీ అంటాడు.

“ఇంకో రెండు సినిమాలకి నిన్ను పూర్తిగా గాల్లోనే ఉంచాలి పిన్నీ,” అన్నాడు ఇవాళ.

“అప్పుడు నాకు రెక్కలు కూడా అంటించీరా,” అన్నాను.

నమోదు 2. ఫిబ్రవరి 15
ఇందుకళ: 22. నేను: 71.

పాలరాయి మీద పరుగు, ఆరు ముక్కలు. ఎండుటాకుల మీద నడక, తొమ్మిది. అన్నీ పనికొచ్చాయి.

ఇంటి సంగతి ఒకటి రాయాలి. నా కూతురు గౌరికి సముద్రంలో గాలిమరల మీద పని. నెలకి రెండు రోజులు ఒడ్డుకి వస్తుంది. దాని కూతురు తన్మయి, తొమ్మిదేళ్ళది, నా దగ్గరే ఉంటుంది. ఈ మధ్య తన్మయి ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తోంది. వెనక నుంచి వచ్చినా తెలియడం లేదు.

“అమ్మమ్మా, నీ అడుగులు వీధిలోకి వినబడుతున్నాయి,” అంది నిన్న. నా వృత్తి గురించి ఇంతకన్నా కఠినమైన విమర్శ నేను వినలేదు.

అన్నం తినేటప్పుడు గోడ మీద ఇందుకళ ఉంటుంది. ఏ ఇంట్లో చూసినా అంతే. తన్మయి ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళగానే ఇందుకళ కళ్ళు పక్కకి తిప్పుకుంటుంది. కోపం లేదు, ఎంతో మర్యాదగా తిప్పుకుంటుంది. కంచం పక్కకి తోసేస్తే మళ్ళీ ఇటు చూసి నవ్వుతుంది, కొత్త గౌను ఒకటి చూపిస్తుంది. నేను నాలుగు రోజులు పక్కనే కూర్చుని గమనించాను. నా ముద్దకి మాత్రం దానికేమీ పట్టింపు లేదు.

గోడ ఆపేద్దామంటే కుదరదు. బడివాళ్ళు ఇచ్చే ఇంటిపని కూడా అందులోనే.

నమోదు 3. ఫిబ్రవరి 21
ఇందుకళ: 22. నేను: 71. తన్మయి: 27.

ఈ చిట్టాలో తన్మయికి గడి లేదు. నేనే గీశాను.

నిన్న పొద్దున్న కంచం తోసేసింది. మధ్యాహ్నం తోసేసింది. నాకు తెలిసిన ఆఖరి ఆయుధం తీశాను.

“నువ్వు తినకపోతే నానూ తినను, చూసుకో,” అన్నాను.

మా అమ్మ నా మీద, నేను గౌరి మీద ఈ మాట వాడాం. రెండు తరాలుగా గురి తప్పలేదు. ఏ పిల్లయినా గంటలో లొంగిపోయి కళ్ళు తుడుచుకుంటూ కంచం దగ్గరికి వచ్చేది. తన్మయి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“సరే అమ్మమ్మా. నీకూ మంచిదే,” అంది.

మాట అనేశాను గదా, ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకోను? ఇవాళ పొద్దున కూడా ఏమీ తినకుండా పనికి వచ్చాను.

నమోదు 4. ఫిబ్రవరి 21, రెండో భాగం

ఈ గదికి ఒక కట్టుబాటు ఉంది. కడుపు నిండా తిని రావాలి. మైకు ఎంత చురుకైనదంటే గాజుల పెట్టెలో గాజు కదిలినా పట్టేస్తుంది, ఖాళీ కడుపు గరగరలాడితే వదులుతుందా? కొత్తగా పనిలో చేరిన ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. నా గురువు తలుపు దగ్గర నిలబెట్టి, పెరుగన్నం తిన్నాకే లోపలికి రానిచ్చేది.

ఇవాళ మిగిలిన పని నిశ్శబ్దాలు. ప్రతి చోటుకీ దానిదైన నిశ్శబ్దం ఉంటుంది. మనిషి నిలబడి ఉన్న గదికీ, ఎవరూ లేని గదికీ తేడా పిల్లలకి కూడా తెలిసిపోతుంది. అందుకని బొమ్మ కదలకుండా నిలబడే చోట నేనూ కదలకుండా నిలబడాలి. ఇందుకళ అద్దం ముందు పదకొండు సెకన్లు తనని తాను చూసుకునే ముక్క వచ్చింది. నిలబడ్డాను. ఏడో సెకనులో నా కడుపు కూసింది. చిన్న కూత కాదు, పొడుగ్గా సాగి, చివర్లో మెలిక తిరిగింది.

పైడిరాజు ఆపుతాడనుకున్నాను. ఇవాళ పద్నాలుగు నిశ్శబ్దాలు ఉండడంతో యంత్రానికి వదిలేసి అతను టీ పెట్టుకుంటున్నాడు. ఆ అడుగులూ ఈ కూతా ఒకే ఒంటివని యంత్రం కనిపెట్టింది, ‘పాత్ర దేహధ్వని, ఆమోదం’ అని రాసుకుంది.

చెప్పి ఉండాల్సింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తినకుండా ఈ గదిలోకి రాలేదని పదిమందికి చెప్పుకున్నదాన్ని. బడాయి అడ్డొచ్చి నోరు మూసుకున్నాను.

సాయంత్రం ఇంటికెళ్ళి రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. తన్మయి చూస్తూనే ఉంది.

నమోదు 5. ఏప్రిల్ 12
తన్మయి: 26.

అయిదో సినిమా ఇవాళ విడుదల. ఇంట్లో కూర్చుని తన్మయితో చూశాను. ఇందుకళ అద్దం దగ్గరికి వచ్చింది. ఏడో సెకను. గోడ అంతా నా కడుపు కూతే.

తన్మయి లేచి నిలబడింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది.

“అమ్మమ్మా! ఇందుకళ కడుపు మాట్లాడింది!”

నాకు లోపల సంతోషం వేసింది, దాచుకోను. ఇందుకళకీ ఆకలేస్తుందని పిల్లకి తెలిసింది, ఇక కంచం దగ్గరికి వస్తుంది అనుకున్నాను. నా పొరపాటు పుణ్యానికి వచ్చింది అనుకున్నాను.

రాత్రి అన్నం వద్దంది. నేల మీద పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కదలకుండా ఉంది.

“ఏటే చేస్తన్నావు?”

“ష్. నాది కూడా మాట్లాడుతుందేమోనని వింటున్నా.”

నమోదు 6. ఏప్రిల్ 20
ఇందుకళ: సెలవు. నేను: 70.

నాలుగు రోజుల కిందట ప్రణవి గారు గోడ మీదకి వచ్చారు. కంపెనీలో పెద్ద హోదా. మా గదికి మనిషిగా ఎప్పుడూ రాలేదు, ముఖం మాత్రం ఏడాదికోసారి వస్తుంది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

“వరహాలమ్మ గారూ, నలభై లక్షల మంది పిల్లలు ఆ పదకొండు సెకన్లు వెనక్కి తిప్పి విన్నారు. సగటున తొమ్మిదిసార్లు. అది మీకెలా తట్టిందండీ?”

“నాకేటీ తట్టలేదండీ. ఆకలేసింది.”

“ఆ మాట మనం వాడొద్దు. ఇందునాదం అని పేరు పెట్టాం. పిల్లలకి బాగా నచ్చింది. ఇంకో ఆరు చేసివ్వగలరా? ఒక రెండు రోజులు కాస్త తేలిగ్గా ఉండి వస్తే చాలు. యంత్రంతో ప్రయత్నించాం, రావడం లేదు. మీరు చేసినట్టు ఎవరూ చేయలేరు.”

మీరు చేసినట్టు ఎవరూ చేయలేరు. ఈ మాట కోసం ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను, చివరికి పేగులు సంపాదించి పెట్టాయి. నేను ఉబ్బిపోయాను. చిట్టాలో అబద్ధం రాయను. రెండు రోజులు మంచినీళ్ళ మీద ఉండి ఆరు నాదాలు చేశాను. పొట్టిది, పొడుగుది, రెండు విరుపుల్ది, సన్నగా సాగేది. ఆరోది ఎంత బాగా వచ్చిందంటే పైడిరాజు చప్పట్లు కొట్టాడు.

“పిన్నీ, దీన్ని పాటలో పెట్టొచ్చు,” అన్నాడు.

వాళ్ళు పాటలో పెట్టారు.

నమోదు 7. మే 16
తన్మయి: 24.

వడ్డాణం వచ్చింది. ప్లాస్టిక్‌ది, వెండి రంగు, ముందు చిన్న నెలవంక. పెట్టుకున్న పిల్ల కడుపు కూస్తే నెలవంక నీలంగా వెలుగుతుంది, నా ఆరు నాదాల్లో ఒకటి జవాబు చెబుతుంది. అయిదు కొక్కేలు ఉన్నాయి. బిగించే కొద్దీ కొత్త పాట వస్తుంది. అయిదో కొక్కెం పెట్టుకుంటే ఇందుకళ పేరు పెట్టి పిలుస్తుంది.

మా వీధిలో పిల్లలెవరూ ఆకలేస్తోంది అనడం లేదు. “నాదం వస్తోంది” అంటున్నారు. అని, తినడానికి వెళ్ళకుండా ఒకళ్ళ పొట్ట మీద ఒకళ్ళు చెవి పెట్టి వింటున్నారు. ఎవరిది బాగుందో చెప్పుకుంటున్నారు.

తన్మయికి కొన్నది గౌరి. పుట్టినరోజుకని సముద్రం మీంచే పంపింది. ఫోన్లో అరిచాను.

“బొత్తిగా బుద్ధి లేదేటే నీకు? పిల్ల ఎలాగుందో చూశావా?”

“అడిగిందమ్మా. నెలకి రెండ్రోజులు చూస్తాను దాన్ని, అప్పుడూ కాదనమంటావేటి? అయినా ఆ చప్పుళ్ళు చేసింది నువ్వు కాదా?”

ఫోను పెట్టేశాను.

తన్మయి ఇవాళ మూడో కొక్కెం మీద ఉంది.

నమోదు 8. జూన్ 18
ఇందుకళ: 22. తన్మయి: 22.

ఇద్దరి బరువూ ఒకటయింది. ఆ సంగతి తన్మయే నాకు చెప్పింది, వార్డు ఆస్పత్రి మంచం మీద పడుకుని, నవ్వుతూ చెప్పింది. పొద్దున బడిలో వరసలో నిలబడి పడిపోయింది. బెంచీ అంచు తగిలి కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. అప్పుడు అయిదో కొక్కెం మీద ఉంది.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. ఈ నెలలో పదిహేడో పిల్ల అంది. “ఇంకో కిలో తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాలి పెద్దమ్మా. అదీ పనిచేస్తుందని చెప్పలేను. గుండె చిన్నది కదా. ఎలాగైనా నోటితో తినిపించండి.”

వడ్డాణం తీసేశాం. కళ్ళు తెరవగానే అడిగింది. ఇవ్వకపోతే గ్లూకోజు సూది పీకేసింది. నర్సు వడ్డాణం మళ్ళీ పెట్టింది, మొదటి కొక్కెం మీద.

నాకు భయంగా ఉంది. ఇంకోలా రాయడం తెలియదు.

నమోదు 9. జూన్ 22

ఇంటికి తెచ్చుకున్నాను. రోజుకి నాలుగు చెంచాల జావ దిగుతోంది. దాని ముందు కూర్చుని చెప్పాను.

“గుంటా, ఆ చప్పుడు ఇందుకళది కాదు. నాది. ఆ రోజు నువ్వు తినలేదని నాను తినకుండా పనికెళ్ళాను. నా కడుపే కూసింది.”

చాలాసేపు నన్ను చూసింది. చేతుల దగ్గర, మెడ దగ్గర, పొట్ట దగ్గర చూసింది.

“అబద్ధం,” అంది. “నువ్వు లావు కదా.”

నమోదు 10. జూన్ 26

ఆరో సినిమా పనికి పిలిచారు. ఇందుకళ బరువు పద్దెనిమిది. పట్టీలు కొత్తవి పంపారు. నాదాలు ఇంకో పన్నెండు కావాలన్నారు.

చేయనని ప్రణవి గారికి చెప్పాను. పిల్ల సంగతి కూడా చెప్పాను, కుట్లతో సహా. ఆవిడ ముఖం నిజంగానే వాడిపోయింది.

“చాలా బాధగా ఉందండీ. మా పాపకి కూడా ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో గోడ పెట్టనివ్వను నేను.”

“మరి మా ఇళ్ళల్లో ఎందుకు పెట్టారమ్మా?”

ఆవిడ గొంతు మారింది. ఆ గదిలో రికార్డయిన ప్రతి చప్పుడూ ఒప్పందం ప్రకారం కంపెనీదేనట. ముప్పై ఒక్క ఏళ్ళ నా అడుగులున్నాయి, ఏడు నాదాలున్నాయి. వాటిని ముక్కలు చేసి అతికించుకుంటే ఇంకో వంద సినిమాలకి సరిపోతాయి. అవి మనిషి చేసినవే కాబట్టి చివర్లో వేసే మాట కూడా మార్చక్కర్లేదు.

“మీ వస్తువులు సోమవారం లోపు తీసుకెళ్ళండి,” అన్నారు.

నేను మానేస్తే ఆగిపోతుందేమోనని ఒక మూల ఆశ ఉండేది. అది తీరిపోయింది. పని మీద కోపం లేదు. నా మీద ఉంది.

నమోదు 11. జూన్ 29

అడుగుల కోసం వాడే నా చెప్పుల పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఇంట్లో ఒంటరిగా వదలడానికి ధైర్యం చాలక తన్మయిని వెంట తీసుకెళ్ళాను. నిజం కళ్ళతో చూస్తే నమ్ముతుందన్న ఆలోచన కూడా ఉంది. లోపలికి వచ్చి చుట్టూ చూసింది. ఇసుక పళ్ళెం, కంకర పళ్ళెం, నీళ్ళ తొట్టి, విరిగిన మెట్లు, పైన గిలక.

“ఇందుకళ ఏది?” అంది.

పైడిరాజు నా వైపు వేలు చూపించాడు. నాకు పట్టీలు కట్టి లేపాడు. తన్మయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు. అద్దం దగ్గరికి వెళ్ళే నడక వేశాను. ఆ అడుగులు దానికి కంఠతా వచ్చు. నా పగిలిన మడమల్ని చూసింది, గాల్లో వేలాడుతున్న నన్ను చూసింది. నవ్వుతుందనుకున్నాను. ముఖం ముడుచుకుపోయింది.

“ఇంటికెళ్ళిపోదాం,” అంది.

నమ్మింది. నమ్మడం వల్ల ఒరిగింది ఏమీ లేదు, దాని చేతిలోంచి ఒక వస్తువు లాక్కున్నట్టయింది అంతే. నేను దిగి చెప్పులు సర్దుకోవడం మొదలుపెట్టాను.

పైడిరాజుకి ఊరికే కూర్చోవడం చేతకాదు. “ఏటమ్మా, ఓసారి నడుస్తావేటి? పిన్ని సర్దుకునేలోగా,” అన్నాడు.

తన్మయి కంకర మీద మునివేళ్ళతో నడిచింది.

“ఏటీ రాలేదమ్మా. మైకుకి నువ్వు లేవు. ఇంకోసారి.”

మళ్ళీ నడిచింది. “మీటరు ముల్లు కదల్లేదు. మడం పెట్టాల.”

మడమ పెట్టింది. కంకర కరకరమంది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో వచ్చారనుకుని. ఎవరూ లేరు. కాలు ఎత్తి మళ్ళీ వేసింది. ఈసారి వెనక్కి చూడలేదు, తన కాలినే చూసుకుంది. ఇంకా గట్టిగా వేసింది. హెడ్‌ఫోన్లలో ఆ చప్పుడు ఎంత పెద్దగా ఉంటుందో నాకు తెలుసు. ఏనుగు వస్తున్నట్టు ఉంటుంది.

“నేనేనా?” అంది.

“నువ్వు కాపోతే నానేటి?” అన్నాడు పైడిరాజు.

ఇసుక, ఎండుటాకులు, చెక్క మెట్లు అన్నీ అయ్యాయి. నేను చెప్పులు సర్దడం ఆపేశాను. నీళ్ళ తొట్టి దగ్గరికి వచ్చేసరికి పైడిరాజు చెయ్యెత్తాడు.

“ఆగమ్మా. నీ వడ్డాణం కూస్తంది. దాంతోటి నీళ్ళ చప్పుడు పాడైపోతాది. తీస్తే తియ్యి, నేదంటే ఇక్కడితో ఆపేద్దాం.”

అతను బుజ్జగించలేదు. గాజులు తియ్యమని నాకు చెప్పేటప్పుడు కూడా ఇదే గొంతు. తన్మయి నీళ్ళని చూసింది, వడ్డాణాన్ని చూసింది. కొక్కెం తీసి, బల్ల మీద పెట్టి, తొట్టిలోకి దూకింది. గోడలన్నీ తడిశాయి. మళ్ళీ దూకింది. పైడిరాజు చొక్కా తడిసింది. “బాగుంది, ఇంకోటి,” అన్నాడు. ఎన్నిసార్లు దూకిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి తొట్టి అంచున కూర్చుని, ఆయాసపడుతూ, జుట్టు మొహం మీంచి తోసుకుంది.

“అమ్మమ్మా, ఆకలేస్తోంది.”

నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. నాలుగు నెలలు దాటింది ఆ మాట దాని నోట విని. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, పిల్ల ముందే ఏడ్చాను. అప్పుడు చూశాను, మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

“పైడీ, ఆ మాట చెరిపీరా.”

“అదేటి పిన్నీ. గొంతు ఎంత బాగొచ్చిందో. దాచుకుందాం.”

“ఇక్కడుంటే ఆళ్ళదైపోద్ది. చెరిపీ.”

చెరిపేశాడు. యంత్రం కారణం అడిగింది. ‘పనికిరాని చప్పుడు’ అని నొక్కాడు. తర్వాత తన క్యారియర్ విప్పాడు. తన్మయి ఒక అట్టు తింది. రెండోది సగం తిని చాలంది. చాలంటే చాలన్నాను. మిగతా సగం నేను తిన్నాను.